తీర్థం దాకా మోటారు ఊసెత్తను

జనవరి 19, 2004. సోమవారం

ఇది ఎరువుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ. మా ఆయన పెద్దిరాజుకు చదువు రాదు, నాకూ రాదు. తెచ్చి లంక బడి పంతులమ్మ శ్యామలాంబ గారి చేతిలో పెట్టాను. నేను చెబుతాను, ఆవిడ రాస్తారు. సంపూర్ణమ్మ తరఫున ఒక సాక్ష్యం ఉండాలి. రేపు పెద్దలు అడిగితే విప్పి చదివి వినిపిస్తారు.

సంగతి ఇదీ. నరసాపురం గట్టుకూ మా లంకకూ మధ్య పాయ. ఆ రేవులో నావ మాది. ముప్ఫై ఏళ్ళు ఆయన గెడ వేసి, ఆ వెదురు కర్రతోనే నావ తోశాడు. కోతల నాటికి కుడి భుజం పోయింది. గెడ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నేను వేస్తానన్నాను. ఆయనకు జ్వరమొస్తే వేసిందెవరు? ఆయన పెళ్ళిళ్ళకు పోతే వేసిందెవరు?

"ఆడది గెడ పడితే రేవు పరువేం కానే?" అన్నాడు.

ఆయన పరువు భుజంలో ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. మీసంలో ఉందట.

ఇంతలో సినిమావాళ్ళు వచ్చి పాయలో పాట తీసుకున్నారు. మా చేపల పులుసు తిన్న మైకంలో, పోతూ పోతూ ఆయన చేతిలో ఒక మోటారు పెట్టారు. ఆయిలు తాగదట, చప్పుడు చేయదట, బ్యాటరీతో ఆడుతుందట. చూడబోతే మజ్జిగ కవ్వం! పొడుగాటి కాడ, కింద చిన్న పంకా, పైన పిడి. దీంతో ఇరవై మందిని దాటిస్తాడట.

ఈ ఉదయం పెద్ద మనిషి సత్తియ్య గారి అరుగు మీద పంచాయతీ. మా ఆయన అన్న మాట రాసుకోండి: "మోటారు బిగించుకుంటానండి. దీని నోరు పక్కనుంటే మాత్రం నా చేతులాడవండి."

తీర్పు: అంతర్వేది తీర్థం ఫిబ్రవరి ఒకటిన. ఆ రోజున మోటారు ఆడితే రేవు ఆయనది. ఆడకపోతే గెడ నాది. షరతు ఒక్కటే. తీర్థం దాకా మోటారు గురించి నా నోట ఒక్క మాట రాకూడదు. వస్తే గెడ మా మరిది చిట్టియ్యకు పోతుంది.

కర్పూరం ఆర్పి ఒట్టేశాను. పదమూడు రోజులు! ఎంతలోకి? అత్తగారితో పంతొమ్మిదేళ్ళు కాపురం చేసినదాన్ని.

రాయించడం మాట్లాడటం కిందికి రాదు. సత్తియ్య గారిని ముందే అడిగాను.

జనవరి 20, మంగళవారం

మింగిన మాటలు: 6. జారినవి: లేవు.

ఉదయం 8 గంటలకు బుల్లియ్య దిగాడు. నలభై దాటిన మనిషి, పెళ్ళిళ్ళకు మైకు సెట్టు కడతాడు. మా ఆయనకు వాడే ఇంజనీరు. బ్యాటరీ గట్టు మీది దుర్గాసాయిది. ట్రాక్టరు మరమ్మతులో ఉందని విప్పి ఇచ్చాడు. బుల్లియ్య తెచ్చిన తీగ మైకు తీగ. లేసు అల్లే దారం ఇంతకన్నా లావుంటుంది.

"సరిపోద్దేంట్రా?" అన్నాడు మా ఆయన.

"ఆయ్! మొన్న దీంతోనే నాలుగూళ్ళు వినపడిందండి."

వినపడటానికీ నావను తొయ్యడానికీ తేడా తెలియని మనిషి! నోట్లో లవంగం పెట్టుకుని కూర్చున్నాను. ఒట్టు చాలా సులువు.

జనవరి 21, బుధవారం

అమావాస్య. మోటారును ఎవరూ ముట్టుకోలేదు. మింగిన మాటలు: సున్నా. ఇలాంటి మనిషికా నోరాగదన్నారు!

జనవరి 22, గురువారం

10.00: తీగ బిగించారు.

10.05: పంకా తిరిగింది. మా ఆయన మీసం దువ్వాడు.

10.10: తీగ మీద ప్లాస్టిక్కు నెయ్యిలా కారింది. బుల్లియ్య వేళ్ళు కాల్చుకుని చెయ్యి ఏట్లో పెట్టాడు.

10.15: నా కోడిపెట్ట అటుగా వెళ్ళింది. దాన్ని తిట్టాను. "దారంతో ఏనుగును కడతావటే? ఏనుగుకు మోకు కావాలని తెలీదటే? నీ మొహానికి గింజలొకటి!"

నా కోడిని నేను తిట్టుకుంటాను. ఎవరడ్డం? బుల్లియ్య మధ్యాహ్నం నరసాపురం వెళ్ళి వేలెడు లావు తీగ తెచ్చాడు. కోడికి చెప్పిన మాట వాడెందుకు విన్నాడో వాడినే అడగండి.

మింగినవి: 19. జారినవి: లేవు.

జనవరి 24, శనివారం

కొత్త తీగలు రెండు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. బ్యాటరీకి రెండు కొమ్ములు. ఏ తీగ ఏ కొమ్ముకో బ్యాటరీ మీద గుర్తులున్నాయన్నాడు బుల్లియ్య. మా ఆయన వింటేగా!

"ఎరుపంటే కుంకం రంగురా. కుడిపక్కన పెట్టు. ఎడం పక్కన పెడితే అపశకునం."

"బ్యాటరీని అటు తిప్పితే కుడి కాస్తా ఎడమైపోద్ది కదండీ?"

"తిప్పకు మరి!"

పెట్టాడు. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళంతా చూస్తున్నారు. నావ మొహం అవతలి గట్టు వైపు. ఆయన అణియంలో, నావ ముందు కొసన నిలబడి, సినిమావాళ్ళలాగా చెయ్యి ముందుకు చాపాడు. బుల్లియ్య పిడి తిప్పాడు. నావ వెనక్కి పోయింది! చాపిన చెయ్యి చాపినట్టే ఉంది, నావ మాత్రం బురదలోకి పాకుతోంది. గేదెలు లేచి దారిచ్చాయి.

నవ్వాను. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వాను. నవ్వు మాట కాదు.

"ఏంటి పిన్నీ అంత నవ్వు?" అంది పక్కింటి పాపాయి. ఆకాశం కేసి చూపించాను.

సాయంత్రం పాలు పితుకుతూ గేదెకు చెప్పుకున్నాను: "కుంకం కుడిపక్క పెట్టుకునే ఆడదాన్ని ఎక్కడైనా చూశావటే? గుర్తులున్నప్పుడు గుర్తులు చూడాలా, శకునం చూడాలా?" గోడకవతల మా ఆయన దగ్గాడు. గేదెతో మాట్లాడకూడదని ఒట్టులో లేదు.

మింగినవి: లెక్క తప్పింది.

జనవరి 26, సోమవారం

గుర్తులు చూసి తీగలు మార్చారు. ఆడింది.

ఒప్పుకోక చస్తానా? ఆడింది. చప్పుడు లేదు, పొగ లేదు. అవతలి గట్టుకు వెళ్ళింది, వచ్చింది. దిగేటప్పుడు ఆయన మొహం చూడాలి. కొత్త పెళ్ళికొడుకు!

నా గెడ చూరులో ఉంది. దించి, తుడిచి, మళ్ళీ పెట్టాను. గెడ పట్టుకుంటే పాయ అడుగు చేతికి తెలుస్తుంది. ఎక్కడ ఇసుక మేట వేసిందో, ఎక్కడ గుంట పడిందో. పిడి తిప్పేవాడికి ఏం తెలుస్తుంది?

ఇది నిరాశ కాదు. పరిశీలన.

జనవరి 28, బుధవారం. రథసప్తమి

ఆయనే అడిగాడు. "బ్యాటరీకి పూజ చెయ్యవే. ఇరవై మంది ప్రాణాలు."

పూజకు మాటలక్కర్లేదు, మంత్రం చాలు. తీగలు విప్పించి, పీట వేసి, బ్యాటరీని కూర్చోబెట్టాను. మొక్కుబడిగా చేసే అలవాటు నాకు లేదు. పసుపు మెత్తగా కలిపి, ఎద్దు కొమ్ములకు పూసినట్టు రెండు కొమ్ములకూ దట్టంగా పూశాను. కుంకుమ. బంతిపూలు. చిక్కుడాకులో పరమాన్నం. ఆ పసుపు మీదే బుల్లియ్య తీగలు బిగించాడు.

"అమ్మవారిలా ఉందండి!" అన్నాడు.

అది ఆడితే నా గెడ పోతుంది. అయినా చేశాను. ఇది నా మంచితనం. కాస్త లావు అక్షరాలతో రాయండి.

జనవరి 29, గురువారం

ఆడుతుంది, ఆగుతుంది. మళ్ళీ ఆడుతుంది. మళ్ళీ ఆగుతుంది. బుల్లియ్య మోటారు తల విప్పాడు, చూశాడు, మూశాడు. రెండు మరలు మిగిలాయి.

"కంపెనీవాళ్ళు ఎక్కువేశారండి," అని జేబులో వేసుకున్నాడు.

కోడికి మూడు, గేదెకు రెండు, మునగచెట్టుకు ఒకటి చెప్పాను. చెట్టుకు చెప్పేటప్పుడు గొంతు కాస్త పెరిగింది. గాలి ఉంది మరి.

జనవరి 30, శుక్రవారం

నావ దగ్గరికి అన్నం పట్టుకెళ్ళాను. వాసన! నలభై ఏళ్ళు పోపు వేసిన ముక్కు నాది. మాడిన పసుపు. వంగి చూశాను. కొమ్ముల మీద పసుపు ఎండి పెచ్చు కట్టింది, అంచున మాడిన అట్టులా నలుపెక్కింది. తీగ పట్టుకున్నది పసుపును, కొమ్మును కాదు.

మగాళ్ళిద్దరూ మోటారు కాళ్ళ దగ్గర కూర్చుని నాడి చూస్తున్నారు. జబ్బు ఎక్కడుందో వాళ్ళకేం తెలుసు! బుల్లియ్య ఆ పసుపుకు దణ్ణం పెడతాడే గానీ గోకడు.

చెప్పలేదు. చెబితే గెడ చిట్టియ్యది. చెప్పకపోతే నాది. రెండు రోజులు ఓపిక పడితే చాలు. నన్నెవరూ అడగలేదు కూడా.

నా తప్పేం లేదు. లోకంలో పసుపు ఎక్కడైనా చెడు చేసిందా? ఆ ఇనప పెట్టెకే సంస్కారం లేదు.

అన్నం సయించలేదు. జ్వరమేమో.

జనవరి 31, శనివారం

మధ్యాహ్నం 3 గంటలకు ఆయన ఒక్కడూ నావ తీశాడు. పాయ నడుమ మోటారు ఆగింది. నీళ్ళు సముద్రం వైపు లాగే వేళ. నావ అడ్డంగా తిరిగింది. నావలో ఉండే తన గెడ ఎత్తబోయాడు. భుజం లేవలేదు. రేవులో సత్తియ్య గారు, పాపాయి, సగం లంక ఉంది. చిట్టియ్య తన నావ కోసం లంకకు ఆ పక్క ఒడ్డుకు పరుగెత్తాడు. వాడు వచ్చేసరికి ఈయన ఎక్కడుంటాడు?

అరిచాను.

"నీ మోటారు మండిపోనూ! పసుపు గోకవయ్యా! కొమ్ముల మీద పసుపు! తీగ తీసి, కత్తితో గోకి, మళ్ళీ బిగించు!"

"ఏంటీ?"

"పసుపూ! నేను పూసిందీ! గోకూ!"

గోకాడు. పంకా తిరిగింది. వచ్చాడు.

నేను ఒక్క మాటే జారానంటే పాపాయి లెక్కపెట్టి పద్దెనిమిది అంది. దాన్ని చదివించింది ఇందుకే కాబోలు.

"మాట తప్పావు సంపూర్ణమ్మా," అన్నారు సత్తియ్య గారు. "గెడ చిట్టియ్యది."

"నేను మాట్లాడింది పసుపు గురించండి. పసుపు నా వంటింటిది. మోటారును ఏమన్నా అన్నానా?"

"మండిపోనూ అన్నావు గదమ్మా. సగం లంక వింది."

అదొక్కటీ అనకపోతే గెలిచేదాన్ని! అయినా నోరు మూసుకుని విధవనయ్యే కన్నా నోరు తెరిచి ఓడిపోవడం నయం. ఇది సత్తియ్య గారికి చదివి వినిపించండి.

అన్నాల దగ్గర మా ఆయన నా కంచంలో కూర తన చేత్తో వేశాడు. ఎప్పుడూ లేనిది! ఉప్పెక్కువై వదిలించుకున్నాడేమో.

ఫిబ్రవరి 1, ఆదివారం. తీర్థం

ఉదయం మూడు విడతలు దాటించాడు. 11 గంటలకు నాలుగోది. ఇరవై మంది. సత్తియ్య గారు ఇస్త్రీ పంచె, కొత్త కండువాతో ముందు కూర్చున్నారు. గెడ పోయిన దాన్ని కదా, నేనూ మామూలు ప్రయాణికురాలిలా వెనక సర్దుకున్నాను.

పాయ నడుమ పంకా నెమ్మదించి, నిట్టూర్చి, ఆగింది. మా ఆయన కొమ్ములు గోకాడు. లాభం లేదు.

"బ్యాటరీ అయిపోయిందండి," అన్నాడు బుల్లియ్య. "ట్రాక్టరు మీదుంటే అదే నింపుకుంటదండి. ఇప్పుడు కరెంటు పెట్టి నింపాలండి."

"నింపు మరి!" అన్నారు సత్తియ్య గారు.

"లంకలో కరెంటెక్కడిదండీ? నరసాపురం పట్టుకెళ్ళాలండి."

"ఎలా పట్టుకెళ్తావురా?"

"నావ మీదండి."

ఆ మాట విని ఇరవై మందీ కాసేపు నీళ్ళకేసి చూశారు. నీళ్ళు లాగుతూనే ఉన్నాయి. చిట్టియ్య నిన్న రాత్రే తీర్థానికి వెళ్ళిపోయాడు. గెడ నావలోనే పడి ఉంది. దాన్ని ఎత్తగలిగే భుజాలు ఎవరివో అందరికీ తెలుసు.

"ఏంటమ్మా చూస్తావు? గెడ తియ్యి!"

నేను నోటి మీద వేలేసుకున్నాను.

"మాట్లాడమనలేదమ్మా, గెడ తియ్యమన్నాను!"

చేతులు కట్టుకున్నాను. పన్నెండు రోజులు ఎక్కడా ఆగని నోరు అప్పుడు ఆగింది. ఎంత హాయిగా ఆగిందనుకున్నారు! పాపాయి శోకాలు అందుకుంది. నీళ్ళు చిమ్మి సత్తియ్య గారి కండువా తడిసింది. నావ ఇంకో బారెడు దిగువకు జారింది.

"సరే తల్లీ. గెడ నీదే."

నేను రేవు వైపు చూపించాను.

"రేవూ నీదే! ఇరవై మంది సాక్ష్యం! ఇక లే!"

నేను లేవలేదు. మా ఆయన కేసి చూశాను. ఆయన వంగి గెడ ఎత్తాడు. కుడి చెయ్యి సాయం రాలేదు, ఎడం చేత్తోనే ఎత్తి, అంతమంది ముందూ నాకు అందించాడు.

"జాగ్రత్తే," అన్నాడు.

చీర దోపుకుని లేచాను.

ఫిబ్రవరి 2, సోమవారం

బ్యాటరీని నరసాపురం తీసుకెళ్ళాను. మోటారుకు బలం పట్టించాలంటే నావ కదలాలి, నావ కదలాలంటే నేను గెడ వెయ్యాలి. ఇదీ మగాళ్ళ యంత్రం! ఆయన ముందు కూర్చుని బ్యాటరీని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాస్త ఎడమకి."

"మరీ లోతుకు దించకే."

"అబ్బ, అలా కాదే!"

గెడ ఆపాను. నడి పాయలో ఒట్టు వేయించాను. శివరాత్రి దాకా గెడ గురించి ఆయన ఒక్క మాట అనకూడదు. కర్పూరం లేదు, బ్యాటరీ మీద చెయ్యి పెట్టి వేశాడు.

"మరి నువ్వో?" అన్నాడు.

సరే, నేనూ వేశాను. శివరాత్రి దాకా మోటారు ఊసెత్తను. ఈసారి కోడి, గేదె, చెట్టు కూడా లెక్కలోకి వస్తాయి.

గట్టు చేరేలోపు ఆయనవి నాలుగు మాటలు జారాయి. నావి ఏడు. బ్యాటరీ నిండేదాకా ఒట్టు లెక్కలోకి రాదని ఇద్దరం ఒప్పుకున్నాం. నిండటానికి రేపు సాయంత్రం దాకా పడుతుందట.

ఇంకా చాలా టైముంది. ఎల్లుండి నుంచి ఒక్క మాట మాట్లాడను.