మంగళవారం బండెక్కిన ఐర్లాండు పుస్తకాలు

సౌభాగ్యవతి చెల్లెలు సుబ్బులుకు, మద్రాసు నుంచి అక్క మహాలక్ష్మమ్మ.

ముందు నీ తప్పు దిద్దుతాను, ఆ తర్వాత దీవిస్తాను. పోయిన ఉత్తరంలో "ఈ వయసులో ఇంగ్లీషువాళ్ళ పుస్తకాలు మొయ్యడానికి పోయినావా అక్కా" అని రాశావు. అవి ఇంగ్లీషువాళ్ళవి కావు, ఐర్లాండు వాళ్ళవి. నేను మొయ్యలేదు, కూర్చుని విన్నాను. ఐర్లాండు వేరే ద్వీపం, వేరే మనుషులు. మార్కాపురం కర్నూలు కలెక్టరు కింద ఉంది కదా అని నిన్నెవరైనా కర్నూలు మనిషి అంటే చీపురు తీసుకుంటావు. వాళ్ళకూ అంతే. వాళ్ళ దేశాన్ని ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి చాలా మటుకు లాక్కున్నారు. మనం ఇంకా అర్జీలు రాస్తున్నాం.

ఇక దీవెన. నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ, గొడ్డూ గోదా చల్లగా ఉండాలి. నీ మోకాలు ఎట్ల ఉంది? ఆముదం రాసి కాపడం పెట్టుకోమన్నాను. పెట్టుకుని ఉండవు, నాకు తెలుసు. వాన పడిందా? కొర్ర విత్తారా? ఇక్కడ అందరం క్షేమం. నేను బాగానే ఉన్నాను.

మద్రాసు ఎట్ల ఉందని అడిగావు. ఉక్కగా ఉంది. మన ఎండ మనిషిని కాలుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది. కోడలు కమల మంచి పిల్ల, మూడు పూటలా తెల్లన్నమే పెడుతుంది. జొన్నరొట్టె చెయ్యమ్మా అంటే, నాకు ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడి మిరియాల చారు పెట్టింది. మనవరాలు నన్ను 'పాటీ' అంటుంది, అరవంలో అవ్వ అని. వీధిలో పిల్లలంతా అట్లే అంటారు కాబట్టి అదే నా పేరనుకుంటోంది. మా వీధిలో తెలుగిల్లు మాదొక్కటే. పక్కింటావిడ నన్ను చూసి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఆమెకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. వచ్చిన రోజు నుంచీ అట్ల నవ్వుకుంటూనే ఉన్నాం. దవడలు నొప్పి తప్ప లాభం లేదు.

రాఘవ పొద్దున తొమ్మిదికి లైబ్రరీకి పోతాడు, దీపాల వేళకు వస్తాడు. వచ్చి "అమ్మా, తిన్నావా" అంటాడు. తిన్నాను అంటాను. ఆ రోజుకు మా తల్లీకొడుకుల మాటలు అయిపోయినట్టే. వాడి తప్పు కాదు. దినమంతా "నిశ్శబ్దం" అని బోర్డు పెట్టిన చోట పనిచేసేవాడికి అదే అలవాటు. నేను బాగానే ఉన్నాను అని రాస్తున్నాను కదా, నువ్వు ఊరికే బెంగ పెట్టుకోకు.

పుస్తకాల సంగతి చెప్తాను. వీడు పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో ఐర్లాండుకని ఒక గది గోడ విడిగా కేటాయించి అల్మారాలు చేయించారు. ఆ దేశపు పాటలు, కథలు, చరిత్ర, భాష, అన్నీ ఒకచోట చేర్చాలని. పెద్దలు ఒప్పుకున్నది పాటలకూ కథలకూ, కుర్రవాళ్ళు వెతికేది ఆ తిరగబడినవాళ్ళ చరిత్రలు. పని రాఘవకు అప్పజెప్పారు. వాడిది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. గోడ నిండితే ఖాయం చేస్తామన్నారు. కాలేజీలు తెరిచేలోగా నిండకపోతే ఆ అల్మారాలు జర్మనీ పుస్తకాలకు ఇస్తారట, వీణ్ణి ఇంటికి పంపుతారట.

కొనాలంటే సముద్రం అవతలి సీమ నుంచి ఓడలో రావాలి. ఇక్కడే దొరికేవి ఒక్కచోటే ఉన్నాయి. బ్రిజెట్టమ్మ అని ఒక ఐర్లాండు ముసలామె, గుంటూరులో ఆడపిల్లల బళ్ళో జీవితమంతా పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇక్కడ సముద్రం దగ్గర ఒక్కతే ఉంటోంది. ఇల్లంతా పుస్తకాలే. ఇక నీలగిరి కొండల మీద సన్యాసినులు నడిపే ముసలివాళ్ళ ఇంటికి పోవాలనుకుంది. అక్కడ ఒక మంచానికీ, ఒక పెట్టెకూ తప్ప చోటు లేదు. అందుకని పుస్తకాలు ఊరికే ఇస్తానంది, ఒక్క షరతు మీద. ప్రతి పుస్తకం ఎవరు ఇచ్చారో, ఎక్కడిదో తను చెప్తుంది. ఒకరు కూర్చుని విని, చీటీ రాసి ఆ పుస్తకంలో పెట్టాలి.

"నాకంత తీరిక ఎక్కడిదమ్మా" అన్నాడు రాఘవ. "నీకు ఇంగ్లీషు వచ్చు, చేతిరాత బాగుంటుంది. ఇంట్లో కూర్చుని కమల పప్పులో ఉప్పు చూసే బదులు అక్కడికి పోయి కూర్చోరాదా."

మనల్ని మిషను బళ్ళో వేసినందుకు నాయనను ఊరంతా ఏమందో నీకు గుర్తే కదా. ఆ చదువుకు ఇన్నేళ్ళకు ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, టీ మాత్రం ఉంది.

మొదటి రోజు రిక్షా దిగి "దొరసానిగారూ" అని పిలిచాను. తలుపు తీసి, శుభ్రమైన తెలుగులో, "ఆ మాట అనకండి. దొరలు మా ఊళ్ళో కూడా పన్నులే వసూలు చేశారు. లోపలికి రండి వదినగారూ" అంది. గుంటూరులో ఆడవాళ్ళు ఒకరినొకరు వదినా అనుకోవడం చూసి నేర్చుకుందట. అంతా ఆ కోస్తా తెలుగే, వచ్చాడూ వెళ్ళాడూ అంటూ. కానీ సుబ్బులూ, ఎన్నాళ్ళకో నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పింది విని, దానికి తెలుగులో ఎదురు జవాబు చెప్పే మనిషి దొరికింది. ఆ రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. కమల మళ్ళీ కంగారుపడింది.

రోజూ మధ్యాహ్నం పోయేదాన్ని. ఆమె ఒక పుస్తకం తీస్తుంది, దుమ్ము తుడుస్తుంది, చెప్తుంది. ఇది మా అన్న సంతలో గొర్రెలు అమ్మిన రోజున నాకు కొనిచ్చాడు. ఇది మా ఊరి పంతులు దాచుకుని చదివేవాడు, పోలీసులు వస్తే పిండి డబ్బాలో వేసేవాడు. నేను రాస్తాను. నడుమ మా ఇంటి సంగతులు నేను చెప్తాను. వాళ్ళ దేశంలో ఆలుగడ్డ కుళ్ళి వచ్చిన కరువు గురించి ఒక పుస్తకం తీసింది. "మనుషులు దారుల్లో పడి చచ్చిపోతుంటే రేవులో ఓడలకు ధాన్యం ఎక్కించారు వదినగారూ" అంది. "మాకు ధాత కరువులో రైళ్ళకు ఎక్కించినారు. మా అవ్వ చెప్పేది" అన్నాను. ఆ రోజు ఆ ఒక్క పుస్తకానికే చీటీ రాసినాం. టీ చల్లారిపోయింది.

చీటీలు అయిపోయాయి. పుస్తకాలు కట్టలు కట్టి నడవలో పెట్టాం. ఇక లైబ్రరీ బండి రావడమే. బండి వచ్చి కట్టలు పోతే ఆమె కొండకు పోతుంది. నేను ఇంట్లో కూర్చుని గోడ చూడాలి. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు.

బండి మంగళవారం వచ్చింది. "మంగళవారం ఇంట్లోంచి ఏదీ బయటికి ఇయ్యగూడదు. మా తట్టు అగ్గిపుల్ల కూడా ఇయ్యరు" అన్నాను. అబద్ధం చెప్పానా? నువ్వే చెప్పు, మన ఇంట్లో ఎవరైనా మంగళవారం చేటెడు గింజలు బదులిచ్చారా? బ్రిజెట్టమ్మ బండివాడితో, "మా వదినగారు చెప్పారు, మరి కుదరదు" అంది. బుధవారం అమావాస్య. గురువారం బండివాడు సరిగ్గా రాహుకాలంలో దిగాడు. శుక్రవారం లక్ష్మీదేవిది, నోరెత్తే పని లేదు. శనివారం నేను ఏమీ అనలేదు. ఆమే అంది, వాళ్ళ దేశంలో శనివారం సామాను కదిపితే కొత్తచోట నిలబడరని. రెండు దేశాల ముసలమ్మలు కలిస్తే వారంలో మిగిలేది ఆదివారం. ఆ రోజు లైబ్రరీకి సెలవు.

అట్ల మూడు వారాలు బండి ఖాళీగా తిరిగింది. బండివాడు నన్ను చూస్తే ఎద్దులను అక్కడే తిప్పేవాడు.

రాఘవ ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. "కాలేజీలు తెరిచినారమ్మా. లైబ్రరీ పెద్దాయన నిన్న ఆ గోడ దగ్గర నిలబడి చూసి పోయినాడు. ఏమీ అనలేదు" అన్నాడు.

"అనకపోతే మంచిదే కదరా."

"అంటేనే మంచిది."

కమల మజ్జిగ పోస్తూ, "ఎల్లుండి అష్టమి అత్తయ్యా. అదీ పనికిరాదేమో" అంది. ఆ పిల్లకు వెటకారం వచ్చని నాకప్పుడే తెలిసింది. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళకు ఇంట్లో ఒకరు నాతో నాలాగా మాట్లాడారు.

మరునాడు పోయేసరికి బ్రిజెట్టమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి పీలిస్తే పాత తలుపు తీసినట్టు చప్పుడు. పనిమనిషి చెప్పింది, ఈ సముద్రపు తేమ పడదని, వెంటనే కొండకు పొమ్మని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. ఈమె "పుస్తకాలు వెళ్ళాక వెళతాను" అంటోందట. సుబ్బులూ, నేను పంచాంగం చూసిన ఒక్కో రోజూ ఆమె ఊపిరిలోంచి పోయింది. పక్కన కూర్చున్నాను. నేను బయటికొచ్చి బండివాడికి కబురు పెట్టాను, రేపు పొద్దున్నే రమ్మని. ఆ రేపు మంగళవారం.

పొద్దున బండి చూసి బ్రిజెట్టమ్మ, "వదినగారూ, ఇవాళ మంగళవారం కదా" అంది.

"ఇచ్చేవాళ్ళకు మంగళవారం. తీసుకునేవాళ్ళకు వారం లేదు. ఈ పుస్తకాలు మా పిల్లోడి చేతికి వస్తున్నాయి, నేను తీసుకుపోవడానికి వచ్చినా."

"మరి మొదటి మంగళవారమే ఆ మాట చెప్పవలసింది."

"మీరు అడిగినారా?"

"లేదు. అడగకూడదని ఊరుకున్నాను" అని నవ్వింది. ఆ నవ్వుకు దగ్గు వచ్చి, నేను వీపు రాస్తూ నిలబడ్డాను. బండివాడు కట్టలు ఎక్కిస్తూ, ఎక్కడ మనసు మార్చుకుంటానో అని నావైపే చూస్తున్నాడు.

గోడ నిండింది. రాఘవ ఉద్యోగం ఖాయం అవుతుందన్నారు, కాగితం రావాలి. నన్ను తీసుకుపోయి చూపించాడు. ఒక కుర్రవాడు పుస్తకం తెరిచి నా చీటీ చదువుతున్నాడు, పెదవులు కదుపుతూ. వాడికి దాని సంగతి ఇంకా చెప్పాలని నోటిదాకా వచ్చింది. బోర్డు చూసి మింగుకున్నాను. ఇప్పుడు మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉన్నాయి. కమల నిన్న జొన్నరొట్టె చేసింది, పలకలాగా వచ్చింది, బాగుందన్నాను. నేను బాగానే ఉన్నాను.

మరిదిగారికి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు. చిన్నమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టి దీవెన అడుగు. నన్ను 'ఏం పిల్లా' అనే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది. చెవి దగ్గర గట్టిగా చెప్పు, పిల్ల అడిగిందని.

ఇక నీకో పని. బ్రిజెట్టమ్మ ప్రయాణానికి కాస్త ఓపిక వచ్చాక నెలాఖరుకు కొండకు పోతుంది, అక్కడ చలి. రాచర్ల పోయి, గొంగళ్ళు నేసే మల్లయ్యతో ఒక నల్ల గొంగళి నేయించు. రంగు వేసింది వద్దు, గొర్రె మీద పుట్టిన నలుపే కావాలి. కొలతకు నీ ఎత్తు చూపించకు, ఆమె మనకంటే తల పొడుగు. మడతల్లో వేపాకు వేసి మూట కట్టి, తర్లుపాడు కరణంగారి అల్లుడు కోర్టు పని మీద మద్రాసు వస్తున్నాడట, అతని చేతికివ్వు. ఇచ్చేముందు ఒకసారి మెత్తగా ఉతికించి నీడన ఆరబెట్టు. నేసేటప్పుడు చింతగింజల గంజి మాత్రం పలచగా పట్టించమని మల్లయ్యతో చెప్పు. ముసలి ఒళ్ళు, గుచ్చుకుంటుంది.

నీ అక్క
మహాలక్ష్మమ్మ