కోవిల్‌పట్టి బస్టాండులో నా చోటు

విరుదునగర్,
12-6-2003

అప్పాసామి అన్నకు నీ చెల్లెలు రాసేది.

ఇల్లు లేనివాళ్లకు నీడ చూపించే సంస్థ వాళ్లు నాకిక్కడ గది ఇచ్చారు. వేళకు మందులూ ఇస్తున్నారు. అయినా రోజూ పొద్దున్నే బస్సెక్కి కోవిల్‌పట్టి పోతున్నాను. "ఈడనే కూచోమ్మా, ఇదో వస్తా" అని నువ్వు చెప్పిన చోటే, పూల అంగడి పక్కన కూర్చుంటున్నాను. ఆరేళ్లుగా నీ మాట దాటలేదన్నా. మన ఊరి బస్సు ఎదురుగానే ఆగేది, ఎక్కలేదు. నువ్వొచ్చి వెతుక్కుంటావేమోనని నా దిగులు.

ఇక్కడి వార్డెన్ తంగం అక్క, నేను గదిలో ఉండకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారంటోంది.

అక్కడ కూర్చోనక్కర్లేదని ఒక్క ముక్క రాయన్నా. ఎక్కడికి రాయాలో తెలియకనే కదా నువ్వు ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు నాకు చిరునామా ఉంది. కింద రాశాను.