రాకూడని గీత

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాసేది. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నాన్నా, తమ్ముడూ అలాగే ఉన్నారనుకుంటాను. దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. గది కిటికీ బాగుచేయించాను, ఇప్పుడు చలిగాలి లోపలికి రావడం లేదు. తమ్ముడికి రోజూ తలనొప్పి వస్తుంటే, వాడు ఏం ఫర్వాలేదన్నా వినకు, కళ్లు మళ్లీ పరీక్ష చేయించు.

"ఆ యాంటీబాడీ ఏమిటో నాకర్థమయ్యేలా రాయవే" అన్నావు. ఒంట్లో పాడైన కణం తనంతట తానే చచ్చిపోవాలి. అలా చావనివ్వకుండా అడ్డుపడే ప్రోటీన్ ఒకటుంది. క్యాన్సర్ కణాల్లో అది ఎక్కువైతే అవి ఒక పట్టాన మందులకు లొంగవు. ఆ ప్రోటీన్‌ను పట్టివ్వడమే యాంటీబాడీ పని. కణాలను చితక్కొట్టి, వాటిలోని ప్రోటీన్లను పల్చటి పొర మీదికి ఎక్కించి యాంటీబాడీ పోస్తే, అది వెతుక్కుని వెళ్లి అంటుకుంటుంది. అంటుకున్నచోట నల్లగీత పడుతుంది. అచ్చయిన నా వ్యాసమంతా ఆ గీతల మీదే నిలబడింది.

ఇప్పుడది పడిపోయింది. మా ల్యాబ్ టెక్నీషియన్‌ను తూకం తాత అంటాం, టీలో చక్కెర కూడా తూచి వేసుకుంటాడు. పోయిన నెల ఆయన, ఆ ప్రోటీన్ అసలే లేకుండా చేసిన కణాలు తెప్పించాడు. వాటిలో గీత రాకూడదు. వచ్చింది, ఎప్పటిలాగే నల్లగా, నిండుగా.

"నా చేతి పొరపాటేమోనమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు.

మూడుసార్లు చూశాం. యాంటీబాడీ ఇన్నాళ్లూ వేరే దేన్నో పట్టుకుంటోంది. మా ల్యాబ్ నడిపే మేడమ్ ఆ గీతల బొమ్మలు చాలాసేపు చూసి, "వ్యాసం వెనక్కి తీసుకుందాం" అంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఇంతవరకే అయితే ఫోన్లో చెప్పేసేదాన్ని. ఆ గీతను నేను చూడడం అదే మొదటిసారి కాదమ్మా. పోయినేడు మార్చిలో, అలాంటి కణాలే పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చి, నేనొక్కదాన్నే పరీక్ష పెట్టాను. గీత వచ్చింది. వేరే కణాలేవో వాటిలో కలిసిపోయి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆ పొర పారేశాను. ప్రయోగాలు రాసుకునే పుస్తకంలో రాయలేదు. అప్పటికి వ్యాసం పత్రికకు పంపి వారమైంది.

నా తర్వాత చేరిన అమ్మాయి పీహెచ్‌డీ అంతా ఆ యాంటీబాడీతోనే చేస్తోంది. ముందు మేడమ్‌కు చెప్పాను. తర్వాత ఆ అమ్మాయి పనిచేసుకునే బల్ల దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఏ నెలలో చూశావక్కా?"

"పోయినేడు మార్చిలో."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "నేను మొదలుపెట్టింది మేలో" అంది. చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు పొద్దున్నే వచ్చి, కొత్తగా పరీక్షించాల్సిన మూడు యాంటీబాడీల పేర్లు గోడకు అంటించింది.

"నీ పని ఒడ్డున పడేదాకా నేను చేసిపెడతాను" అన్నాను.

"నువ్వేం చేసిపెట్టొద్దు. నేను చేస్తుంటే పక్కన నుంచో. గీత వచ్చినా రాకపోయినా ఇద్దరం ఒకేసారి చూడాలి" అంది నావైపు తిరక్కుండానే.

రోజూ వెళ్లి నుంచుంటున్నాను.

ఇట్లు,
ఈ సంగతి ఏడాది ఆలస్యంగా చెప్పిన
నీ పెద్దమ్మాయి