పడని మందుల గడి

తేదీ 14, గురువారం. నిన్న పట్టిన ముసురు ఇంకా విడవలేదు. పొద్దున లేవగానే వంటింటి కుళాయికి వాషరు మార్చాను.

అమ్మలూ,

మీ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. కొత్త ఊరి నీళ్ళు నీకు పడ్డాయని రాశావు, సంతోషం. ఒక్క ఫోను చేస్తే పోయేదానికి ఇన్ని కాగితాలెందుకని మీ అమ్మ నవ్వుతుంది. ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు కదా. ‘ఊఁ’, ‘సరే’, ‘అమ్మకిస్తున్నా’ అనేసరికి నా సరుకు అయిపోతుంది. కాగితం మీదైతే కాస్త నయం.

ఆస్పత్రిలో మాత్రం ఏమీ బాగాలేదు. మంగళవారం నాడు ఒక పెద్దావిడకి పడని సూది వేశారు. కాలికి పుండు పడి చేరింది. పెన్సిలిన్ ఆవిడకి సరిపడదు. వేసిన కాసేపటికే ఊపిరి అందక పెదాలు నీలంగా తిరిగిపోయాయి. వెంటనే విరుగుడు ఇచ్చి ప్రాణం నిలబెట్టారు గానీ ఇంకా మాస్కు తియ్యలేదు. కంప్యూటర్లో ఆవిడ పేరుకి ఎదురుగా ‘పడని మందులు’ అనే గడి ఖాళీగా ఉంది. సిస్టరు అది చూసుకునే సూది వేసింది. తన తప్పేమీ లేదు. అలా ఖాళీగా ఉండకూడని గడులు ఇంకా ఎన్ని ఖాళీగా ఉన్నాయో, వాటిలో ఎవరెవరు ఇప్పుడు మంచాల మీద ఉన్నారో, అదే నా దిగులు. వరండాలో సిస్టర్ల ట్రే చప్పుడు వినబడితే చాలు, లేచి నిలబడుతున్నాను.

పెద్ద డాక్టరు పదింటికి గానీ రాడు. ఆయన వచ్చేలోగా నీకు జవాబు రాద్దామని రికార్డు గదిలో కూర్చున్నాను. చేతికి పని లేకుండా కూర్చోలేకపోతున్నాను.

నువ్వు నాలుగు అడిగావు. వరుసగా చెబుతాను. చివరిది చివరే.

మీ బస్సుల ఆఫీసులో మధ్యాహ్నం పూట స్క్రీన్లన్నీ ఒక్కసారే బిగుసుకుపోతున్నాయని, మిషను ఆపి మళ్ళీ పెడితే దారికొస్తోందని రాశావు. అలా ఆపకు. ఆపితే గొడవ తగ్గుతుంది గానీ, ఎవరివల్ల వచ్చిందో ఆ జాడ కూడా దాంతోపాటే పోతుంది. ఎవరు ఎవరికోసం ఆగి ఉన్నారో చూపించే పట్టీ ఒకటి డేటాబేసే ఇస్తుంది, ముందు అది తియ్యి. అందరినీ ఆపుతూ, తను మాత్రం ఎవరికోసమూ ఆగకుండా ఉన్నవాడు ఒకడు కనిపిస్తాడు. వాడే. మా దగ్గర మందుల కౌంటరు ఆయన ఉన్నాడు చూడు, నువ్వు చిన్నప్పుడు ‘కునుకు మామయ్య’ అనేదానివి, ఆయన ఒక మందు వరుసని సరిదిద్దడానికి తెరిచి, సేవ్ కొట్టకుండా భోజనానికి పోయేవాడు. ఆ వరుస మీద ఆయన తాళం అలాగే ఉండేది. వెనకాల ఆస్పత్రంతా నిలబడిపోయేది.

“నేనేం ముట్టుకోలేదండీ బాబూ” అన్నాడు అడిగితే.

“ముట్టుకున్నారు, వదల్లేదు. అదే బాధ” అన్నాను.

ఇప్పుడు ఎవరైనా తెరిచి వదిలేస్తే కాసేపటికి దానంతటదే రద్దయ్యేలా పెట్టాను. మీకూ పెట్టుకోవచ్చు.

రెండోది. తొందరగా దొరకాలని ఫోను నంబరు మీద ఇండెక్స్ కట్టినా వెతకడానికి అంతసేపే పడుతోందన్నావు. ఆ నంబరుని మీవాళ్ళు అక్షరాలుగా దాచారేమో చూడు. దాచింది అక్షరాలుగా, నువ్వు అడిగేది అంకెగా అయితే, డేటాబేసు ప్రతి వరుసనీ పైకి తీసి, అంకెగా మార్చి, పోల్చి చూసి మళ్ళీ పెడుతుంది. నువ్వు కట్టిన ఇండెక్స్ పక్కనే ఉన్నా దాని ముఖం చూడదు. నంబరుని కొటేషన్లలో పెట్టి అడిగి చూడు. అప్పటికీ కాకపోతే, నువ్వు ఎలా వెతకబోతున్నావో చెప్పమని ముందు దాన్నే అడుగు, చెబుతుంది. ఊహించి మాత్రం ఏదీ మార్చకు.

(ఇక్కడ లేచి వెళ్ళి వచ్చాను. ట్రే వెళ్ళింది పిల్లల వార్డుకట. వాళ్ళ గడులన్నీ నిన్ననే సరిచూశాను, పర్వాలేదు.)

మూడోది, రెండు పనులు ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ కదలకపోవడం. ఒకటి ముందు టికెట్ల టేబుల్ పట్టుకుని సీట్ల కోసం చూస్తుంది, ఇంకోటి సీట్లు పట్టుకుని టికెట్ల కోసం చూస్తుంది. చివరికి డేటాబేసే ఒకదాన్ని చంపేస్తుంది, నీకు వచ్చే ఎర్ర అక్షరాలు అవే. ఇద్దరూ ఒకే వరుసలో పట్టుకునేలా రాయించు. ముందు సీట్లు, తరవాత టికెట్లు, ఎవరైనా సరే. అంతే మందు.

నిన్న రాత్రి కంచం ముందు కూర్చుని ఊరికే కెలుకుతుంటే మీ అమ్మ చూసింది.

“ఏమైంది?”

“ఏం లేదు.”

“మీరు ‘ఏం లేదు’ అన్నారంటే చిన్నదే. ‘అబ్బే, ఏం లేదు’ అంటే పెద్దది. ఇప్పుడేదన్నారో సరిగ్గా వినబడలేదు, ఇంకోసారి అనండి.”

నవ్వొచ్చింది గానీ చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను. నీ నాలుగో ప్రశ్న అదే కదా: ‘నాన్నా, నువ్వెప్పుడైనా తప్పు డిలీట్ కొట్టి భయపడ్డావా?’

కొట్టాను. ఈ సోమవారమే.

డిస్కు నిండిపోయింది. వచ్చేవారం తనిఖీ ఉంది, ఒకే మనిషికి రెండేసి మూడేసి రికార్డులుంటే పరువు పోతుంది, తీసెయ్యమన్నాడు పెద్ద డాక్టరు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా మూడూ ఒకటైతే ఒకే మనిషి అని అనుకున్నాను. పాత రికార్డు కింద ఉన్న చీటీలన్నీ కొత్త రికార్డుకి మార్చి, పాతది తీసేసేలా క్వెరీ రాశాను. చక్కగా నడిచింది. ఎర్ర అక్షరం ఒక్కటి రాలేదు.

పేర్లు రాసుకునే మా కౌంటర్లో ఒక అలవాటుంది. పుట్టిన తేదీ తెలియదంటే జనవరి ఒకటి అని కొట్టి, మొహం చూసి ఏడాది వేస్తారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వేళకి తట్టలేదు. వృద్ధాశ్రమం నుంచి వచ్చేవాళ్ళందరికీ చిరునామా ఒకటే, లారీ షెడ్డులో ఉండేవాళ్ళందరికీ ఒకటే. అందులో పేర్లు కలిసినవాళ్ళు నా లెక్కలో ఒకే మనిషైపోయారు. ఆశ్రమంలో ఒకే పేరుతో ఇద్దరున్నారు, పొడుగావిడ, పొట్టావిడ అంటారు. పొడుగావిడకి గుండె జబ్బు, మందులన్నీ పడతాయి. పొట్టావిడకి పెన్సిలిన్ పడదు. కొత్త రికార్డు పొడుగావిడది. మిగిలింది అది. పొట్టావిడ గడి ఆవిడ పాత రికార్డుతో పాటే పోయింది.

మంగళవారం మధ్యాహ్నం పొడుగావిడ కౌంటరు మీద చెయ్యి చరిచి అడిగింది. “మా పొట్టిదానికి ఆ సూది పడదని పోయినేడు నేను దగ్గరుండి రాయించాను. ఇదిగో, ఈ పిల్లే రాసుకుంది!”

“రాశానండీ, నాకు బాగా గుర్తుంది” అంది కౌంటరు అమ్మాయి.

పెద్ద డాక్టరు స్క్రీను తనవైపు తిప్పుకున్నాడు. “రాస్తే ఏదీ? పుట్టిన తేదీ చూడు, జనవరి ఒకటి! అందరూ జనవరి ఒకటేనా?”

“మా ఆశ్రమంలో అందరం ఆ రోజే పుట్టాం బాబూ. పాపం, ఆ మంత్రసాని ఎలా తట్టుకుందో” అంది పొడుగావిడ. ఎవరూ నవ్వలేదు.

ఆయన ఆ అమ్మాయిని అంతమంది ముందు నోటికొచ్చినట్టు తిట్టాడు. వచ్చే సోమవారం నుంచి రావద్దన్నాడు. నీ ఈడుదే. ఏడుస్తూ నావైపు తిరిగింది. “సార్, మీరైనా చెప్పండి. నేను రాశాను కదా?”

అప్పటికే నాకు అర్థమైంది.

“చూడాలి” అన్నాను.

అమ్మలూ, ఆ ఒక్క మాటే అన్నాను. అబద్ధం కాదని నాకు నేను చెప్పుకుంటూ ఈ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. గుట్టుగా అన్నీ సరిచేసేస్తే ఇక చెప్పే అవసరం ఉండదనుకున్నాను. సోమవారం ఆ రికార్డులు తీసేసేముందు బ్యాకప్ తీశాను, అందులోంచి అందరినీ వెనక్కి తెచ్చేస్తాననుకున్నాను. నిన్న దాన్ని తెరిస్తే సగమే ఉంది. డిస్కు నిండి ఉంది కదా, సగంలో తెగిపోయింది. ఫైలు పేరూ, పక్కన తేదీ చూసి సరే అనుకున్నాను, తెరిచి చూడలేదు. నువ్వు మాత్రం తెరిచి, ఇంకో మిషనులో ఎక్కించి, వరుసలు చదివి చూసుకునేదాకా దాన్ని బ్యాకప్ అని పిలవకు. దానికి ముందుది నెల కిందటిది. అందులో ఉన్నవాళ్ళని విడదీశాను. ఈ నెలలో రాయించినవాళ్ళ గడులు ఇక ఏ మిషనులోనూ లేవు. వాళ్ళ నోట వినాల్సిందే.

వార్డుల్లో ప్రతి మనిషినీ అడగమని సిస్టర్లకి చెప్పాలంటే పెద్ద డాక్టరు చెప్పాలి. ఆయనేమో అది ఒక అమ్మాయి ఒక గడి నింపకపోవడం అనుకుంటున్నాడు. నేను నోరు మూసుకున్నంతసేపూ ఆయన అలాగే అనుకుంటాడు, ట్రేలు తిరుగుతూనే ఉంటాయి. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి రాదు. సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, చేతిలో పట్టా లేదు. రెండు రాత్రులు ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను.

కారు వచ్చిన చప్పుడైంది. వెళ్తున్నాను.

మధ్యాహ్నం. మగవాళ్ళ వార్డు బయట బల్ల మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. కౌంటరు అమ్మాయిని కూడా పిలిపించమన్నాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

“మంగళవారమే తెలుసా?”

“తెలుసండీ.”

“మరి నేను ఆ పిల్లని అన్ని మాటలంటుంటే పక్కనే ఉన్నారు కదయ్యా!”

ఆ అమ్మాయి నావైపు చూసి, “చూడాలన్నారు కదా సార్. చూశారా?” అంది. ఆయన తిట్టినా అంత నొచ్చుకునేవాణ్ణి కాదు.

“మీ సంగతి తరవాత. ముందు ఒక్క సూది కూడా వెయ్యొద్దని చెప్పండి” అని పెద్ద సిస్టరుకి కబురు పంపించాడు. ఎవరిని అడగాలో నా దగ్గర పట్టీ ఉంది గానీ, మొహాలు ఆ అమ్మాయికే తెలుసు. అందుకని ఇద్దరినీ కలిపి పంపించాడు. వార్డు గుమ్మంలో ఆగి కాగితాలు నా చేతిలోంచి తీసుకుంది.

“అడగడం మీరు అడగండి. రాయడం నేను రాస్తాను. ఈసారి నేను రాసింది చెరపకండి.”

అడగడం నాకెంత కష్టమో నీకు తెలుసు. మొదటి మంచం దగ్గర తల వంచుకుని గొణిగాను. పెద్ద సిస్టరు “గట్టిగా అడగండి, ఆయనకి చెవుడు” అని అరిచింది. రెండో మంచానికి కాస్త నయమైంది. కిటికీ పక్క మంచం మీద లారీ షెడ్డు డ్రైవరు ఒకడున్నాడు. చెయ్యి చీరుకుని వారం కిందట చూపించుకున్నాడు, మాననందుకు నిన్న చేరాడు. అతని పక్క బల్ల మీద ట్రే ఉంది, అందులో సూది నింపి ఉంది. మా కబురు అందాక అలా పెట్టి ఉంచారట.

“నీకు ఏ మందైనా పడదా బాబూ?” అన్నాను.

“పెన్సిలిన్ పడదండీ. ఒళ్ళంతా దద్దుర్లొచ్చి గొంతు పూడుకుపోతుంది. పోయినవారం చెప్పాను కదా, రాసుకున్నారుగా?”

ట్రేలో ఉన్నది అదే. పెద్ద సిస్టరు దాన్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి కలం పట్టుకుని నావైపు చూస్తూ ఉంది, రాయట్లేదు. ఇప్పుడు కూడా ‘చూడాలి’ అంటానేమోననుకుందో ఏమో.

“రాసుకున్నాం. నేను చెరిపేశాను” అన్నాను.

అతను నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. తిడతాడనుకున్నాను.

“అయితే మళ్ళీ రాసుకోండి” అని, అక్షరం అక్షరం నెమ్మదిగా చెప్పాడు.

పొట్టావిడకి ఇంకా మాస్కు ఉంది. నా ఉద్యోగం సంగతి రేపు చెబుతానన్నాడు పెద్ద డాక్టరు. మీ అమ్మకి సాయంత్రం నేనే చెబుతాను, నువ్వు ముందుగా ఫోను చెయ్యకు. ఆడవాళ్ళ వార్డు మొత్తం మిగిలి ఉంది, కౌంటరు అమ్మాయి అప్పుడే అక్కడి గుమ్మంలో నిలబడి పిలుస్తోంది, వెళ్తున్నాను.

ఇట్లు,
ఇంకా సగం మంచాలే అడిగిన
మీ నాన్న