పందెం మీసం

ఉరవకొండ,
జూన్ 2002.

సువార్త వదినకు,

మన సామేలు పోయి నెల తిరక్కముందే టైసన్‌కూ లూయిస్‌కూ బాక్సింగ్ జరిగింది. టైసన్ ఓడిపోయాడు. ఈ పోటీ గురించి టీ హోటల్లో మేమిద్దరం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. "లూయిస్ చేతులు పొడుగప్పా. టైసన్ దగ్గరికి పోయేలోపే దెబ్బలు తింటాడు" అనేవాడు సామేలు. టైసన్ ఓడితే మీసం తీయిస్తానని నేను పందెం కాశాను.

అడిగేవాడు లేకపోయినా నిన్న తీయించాను. మా అమ్మ గడప దగ్గరే ఆపింది. "మీ నాయన బతికుండంగానే మీసం తీసినావే. ఎవురు సచ్చినారని?" అంది.

పందెం ఓడానన్నాను.

సామేలును పూడ్చిన నాడు మా కులంవాళ్లకు జడిసి నేను మట్టికి రాలేదు. నిన్న మా అమ్మ ముందర కూడా వాడి పేరు నోటికి రాలేదు.

మీసం అప్పుడే మొలుస్తోంది, వదినా.