చెంబుకు కట్టిన రెక్క

అన్నా, తెలంగాణ జులూసుల నువ్వు పానం ఇడిచి నేటికి ఏడాది. నీ ఫోన్ బందున్నా మెసేజ్ పెడుతున్న. ఇయ్యాల గూడ తెలంగాణ బంద్, కేసముద్రం టేషన్ల రైళ్లు ఆగినయి.

నువ్వు సగం జేసిన ఆట విమానం ముందటేసుకున్న. రెండో రెక్కకు ఒక్కటే పలుచటి బాల్సా చెక్క మిగిలింది. నువ్వున్నప్పుడు నేను పొడి చెక్కనే వంచి ఇరగ్గొట్టిన. "నానబెట్టి వంచాలె, ఆరినంకనే గమ్ము రాయాలె. ఏందిరా నీ తొందర" అన్నవ్.

గీసారి వేడినీళ్లల్ల నానబెట్టిన. మెల్లగ వంచి, అవ్వ తాగే చెంబు సుట్టూ దారంతో కట్టిన. ఇరగలే.

జరసేపటికి అవ్వ చెంబు అడిగింది.

"ఆరేదాక ఇప్పొద్దవ్వా. అన్న విమానం రెక్క" అన్న.

అవ్వ నల్లా కాడికి పోయి దోసిట్ల తాగింది.