అసలు టికెట్టు జతపరచు విషయమై

భిలాయి పన్ను అధికారి గారి సముఖమునకు,
చరోదా నివాసి, వెల్డింగ్ తనిఖీ కాంట్రాక్టరు బేబీ విన్నవించుకొనునది.

విషయం: స్వతంత్ర కాంట్రాక్టరుగా చేసిన ప్రయాణముల ఖర్చును తోసిపుచ్చవద్దని కోరుట.

అయ్యా,

హిందీలో రెండు అర్జీలు పెట్టుకున్నాను, జవాబు లేదు. తమరిది విజయనగరమని మొన్న విచారణలో తెలిసింది కనుక ఇది తెలుగులో. నా తెలుగు ఇంట్లో నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించాలి. రాయ్‌పూర్ నుంచి లోకల్ రైల్లో వస్తూ రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అది రైలు తప్పు.

1. నేను ఎవరి ఉద్యోగినీ కాను. ఫ్యాక్టరీలు పిలిస్తే వెళ్లి, వెల్డింగ్ అతుకులు పరీక్షించి రిపోర్టు ఇస్తాను. ఉర్లా, సిల్తరా, బోరాయి, పిలుపు ఎక్కణ్ణుంచి వస్తే అక్కడికి. ఇంటి నుండి పనికి పోవుట సొంత ప్రయాణమగునని తమ నోటీసులో సెలవిచ్చారు. నా ఆఫీసు మా ఇంటి ముందుగదే. మరి ఏ గుమ్మంలోంచి కాలు బయట పెడితే పని మీద వెళ్లినట్టవుతుందో తమరే చెప్పాలి.

2. రాబడిలో సగం లాభమని ఒప్పేసుకుంటే రసీదుల బాధే ఉండదని అకౌంటెంటు కుముదిని గారన్నారు. సగానికి పైగా తిరుగుడికే పోతోంది. లేని లాభాన్ని ఎలా ఒప్పుకోను?

3. టికెట్లు ఎందుకు దాఖలు చేయలేదన్న ప్రశ్నకు జవాబు. మా నాన్న జగ్గయ్య గారు రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. ఆయన లెక్కలో ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటారు. టికెట్టు చేతిలో పెట్టనిదే నన్ను లోపలికి రానివ్వరు. ఆ టికెట్టు మళ్లీ ఎవరూ వాడకుండా ముక్కలు చేసి కాలవలో పారేస్తారు. అది ఆయన నిజాయితీ. ఫోన్లో టికెట్టు చూపిస్తే, "ఇదేటిది? కాయితం సూపించమ్మా, కాయితం," అంటారు. అందుకని కాయితం టికెట్టే కొంటున్నాను. ఫొటోలు తీసి ఉంచాను గానీ నకళ్లు చెల్లవని తమ నోటీసు.

కుమ్‌హారీ దాటింది. త్వరగా రాయాలి.

4. ఆఫీసు గది చూడడానికి తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు నాన్న ఆయన్నీ ఆపారు. "టికెట్ దిఖాయియే." జీపులో వచ్చానని ఆయన. "జీపైతే టికెట్టుండదేటి బాబూ? పక్కన కూకో, జరిమానా రాత్తాను," అని నాన్న. ఇన్‌స్పెక్టరు గారికి తెలుగు రాకపోవడం మంచిదైంది. ఇంటివారు విచారణకు సహకరించలేదని ఆయన రాసిన రిపోర్టు మాత్రం నిజం కాదు. నాన్న లేచి తన కుర్చీ ఇచ్చారు.

5. ఈ ఖర్చులు తోసిపుచ్చితే పన్ను, దానిపై జరిమానా కట్టుకునే శక్తి నాకు లేదు. ఈ పని వదిలి ఝార్సుగూడలో ఇస్తామన్న ఉద్యోగానికి పోవాలి, నెలకోసారి ఇంటికి రావాలి. పగలంతా నాన్నను చూసుకునేది మా పిన్ని సూర్యావతి. ఆవిడ పేరు ఆయనకు ఇప్పటికే పోయింది. నా పేరు ఇంకా ఉంది. రోజూ సాయంత్రం ఇంటికి వస్తున్నాను కాబట్టి ఉందని నా నమ్మకం. నెలకోసారి వచ్చేదాన్ని ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటారు? నాకు భయంగా ఉంది సార్. ఇది నంబరు వేసి రాయవలసిన సంగతి కాదని తెలుసు.

"ఒక్క అసలు టికెట్టయినా తీసుకురండమ్మా, మిగతా వాటికి ఫొటోలు చూస్తాను," అని విచారణలో తమరు దయతో అన్నారు. ఈ రోజు టికెట్టు పర్సు లోపలి అరలో దాచాను. నాన్నకు ఇవ్వను. ఇంటికెళ్లగానే దీనికి పిన్నుతో గుచ్చి, రేపు ఉదయమే తమ కార్యాలయంలో స్వయముగా దాఖలు చేసుకుంటాను. నా ప్రయాణాలు పని మీద చేసినవేనని నమ్మి, పని మీద ఊళ్లు తిరిగే ఈ మనిషి మనవిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బేబీ

జతపరచినవి: అసలు టికెట్టు ఒకటి.

తా.క.: పై "జతపరచినవి" అన్న వరుస కొట్టివేయడమైనది. గేటు దగ్గర నాన్న చెయ్యి చాచారు. టికెట్టు లేదన్నాను.

"లేపోతే పక్కన నిలబడండమ్మా. ఎవరి తాలూకా మీరు?"

"నేను నాన్నా, బేబీని."

"అందరూ అలాగే సెప్తారు."

పిన్ని లోపల్నుంచి వచ్చి చెప్పినా వినలేదు. నా వైపు చూడనే లేదు, నా చేతి వైపే చూస్తున్నారు. చాలాసేపు నిలబడ్డాను. చివరికి పర్సులోంచి టికెట్టు తీసి ఇచ్చేశాను. ఆయన టికెట్టు వెలుతురులో పెట్టి చూసి, చింపి, అప్పుడు తలెత్తి నా ముఖం చూశారు.

"బేబీ! వచ్చీసేవేటమ్మా? ఆకలేస్తందా?"

తమరు ఎంత పన్ను వేసినా వేయండి. రేపటి టికెట్టు కూడా ఆయనకే ఇస్తాను.